స్పీడు చలానాకి ఫైనా, క్లాసా? బెజవాడ, గుంటూరు డ్రైవర్లు చెప్పండి

పటమట_పాండు:
బ్రిటన్‌లో స్పీడు కొంచెం మీరినవాళ్లకి ఫైను, లైసెన్సు మీద వేసే పాయింట్ల బదులు స్పీడు గురించి చెప్పే ఒక పూట క్లాసుకి వెళ్లే వీలిస్తారు. మన ఎన్‌హెచ్ 16 మీద కెమెరా చలానాలకీ అదే పెట్టాలంటాను. ఇప్పుడేం జరుగుతోంది? మెసేజ్ వస్తుంది, ఫోన్లోనే కట్టేస్తాం, వారధి దిగేలోపు మళ్లీ అదే తొక్కుడు. డబ్బు పోతే జనానికి నొప్పి లేదు, టైము పోతే ఉంటుంది.

గొల్లపూడి_యాక్టింగ్_డ్రైవర్:
టైము పోతే ఎవరికి నొప్పి పాండన్నా? నాకు ఒక పూట పోతే ఆ పూట కిరాయి పోయినట్టే. మీకు ఆఫీసులో లీవు పెడితే జీతం వస్తుంది. ఇంకోటి, చలానా వచ్చేది బండి నంబరు మీద, అంటే ఓనరుకి. వెనక సీట్లో కూర్చుని "గన్నవరంలో ఫ్లైటు మిస్సవుతుంది, తొక్కవయ్యా" అన్నది ఆయనే. చలానా వచ్చాక నా బత్తాలో కోసేదీ ఆయనే. మరి క్లాసుకి ఎవరిని పిలుస్తారు?

చుట్టుగుంట_చిన్నోడు:
క్లాసుకి లేటవుతుందని స్పీడుగా వెళ్తే ఇంకో క్లాసా 😄

తెనాలి_టు_లెస్టర్:
నేను ఇక్కడ ఇంగ్లండులో ఆ క్లాసులో కూర్చుని వచ్చినవాణ్ని కాబట్టి చెప్తా. గంటకి 30 మైళ్ల జోన్‌లో 36లో వెళ్తే కెమెరాకి పడ్డాను. ఇక్కడా ముందు కాగితం వచ్చేది ఓనరు పేరుకే. అయితే నడిపింది ఎవరో 28 రోజుల్లో రాసి పంపాలి, పంపకపోతే అది స్పీడుకన్నా పెద్ద కేసు. ఆ తర్వాత అడుగుతారు: 100 పౌండ్లు, 3 పాయింట్లా, లేక క్లాసా అని. క్లాసు ఫీజు మన జేబులోంచే. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే ఈ సౌకర్యం ఉండదు.

తిడతారేమో, రక్తం కారే వీడియోలు చూపిస్తారేమో అనుకుని వెళ్లాను. అవేం లేవు. మొదటి ప్రశ్న, "బోర్డు లేని రోడ్డు మీద లిమిట్ ఎంతో ఎలా తెలుస్తుంది?" ఇంగ్లండులో వరసగా వీధి దీపాలుంటే, వేరే బోర్డు లేనంతవరకు 30 మైళ్లే. ముప్ఫై ఏళ్లుగా బండి నడుపుతున్న పెద్దాయనకీ తెలియదు ఆ సంగతి! తర్వాత ఒక లెక్క వేయించారు. 30లో ఉన్న కారు, డ్రైవరు ప్రమాదం చూసి బ్రేకు తొక్కే టైము కూడా కలిపితే, 23 మీటర్లలో ఆగుతుంది. అదే చోట 36లో ఉన్న కారు డ్రైవరు ప్రమాదం చూసి బ్రేకు వేస్తే, ఆ 23వ మీటరు దగ్గర ఇంకా 20 మైళ్లకు పైగా వేగంతో ఉంటుంది. ఆరు మైళ్లేగా అనుకునేవాడికి ఇది గట్టిగానే తగులుతుంది. మిగతా భాగంలో సగం నిద్ర, నిజం చెప్పాలంటే.

బ్రాడీపేట_లెక్కల_మాస్టారు:
లెక్క సరైనదే. మన దగ్గరికి తెస్తే ఇంకా తేలిక. 10 కిలోమీటర్లు 80కి బదులు 100లో వెళ్తే మిగిలేది ఒకటిన్నర నిమిషం. అది కాజ టోల్‌గేటు క్యూలో పోతుంది.

కానీ క్లాసు మందులా పనిచేస్తుందని అనుకోవద్దు. బ్రిటన్ రవాణా శాఖ 2018లో వేసిన అధ్యయనం ఉంది. క్లాసుకి వెళ్లినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో మళ్లీ స్పీడుకి దొరకడం, ఫైను కట్టినవాళ్లకన్నా 12 నుంచి 23 శాతం తక్కువ. ప్రమాదాలు తగ్గాయా అంటే మాత్రం కచ్చితంగా తేల్చలేకపోయారు.

పటమట_పాండు:
ఆ 12 శాతమైనా చాలు కదా మాస్టారూ. 2022లో దేశం మొత్తమ్మీద రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 71 శాతం ఓవర్ స్పీడు ఖాతాలోనే రాశారు.

బ్రాడీపేట_లెక్కల_మాస్టారు:
"రాశారు" అన్నావు చూడు, అక్కడే ఉంది తిరకాసు. కారణం తేలని ప్రతి కేసులోనూ తేలిగ్గా రాసేది అతివేగమనే. డివైడర్ గ్యాపు, ఎదురొచ్చే ట్రాక్టరు, లైటు లేని లారీ ఆ కాలమ్‌లోకి రావు.

గుంటూరు_లాయరమ్మ:
ఇక్కడ క్లాసు లేదని అందరూ ఎందుకనుకుంటున్నారు? 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. స్పీడు, తాగి నడపడం లాంటివాటిలో 206వ సెక్షన్ కింద పోలీసులు లైసెన్సు తీసుకుని ఆర్టీఓకి పంపాలి. 19వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల అనర్హత, రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తిచేస్తేనే లైసెన్సు మళ్లీ చేతికి. గొల్లపూడి తమ్ముడు అడిగినదానికీ జవాబుంది. నడిపింది ఎవరో పోలీసులు అడిగితే ఓనరు చెప్పి తీరాలి, అది 133వ సెక్షన్. కెమెరా చలానాలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కారుకి 1000 నుంచి 2000 కడితే ఫైలు మూత పడుతుంది. నా మటుకు నాకు, ముందు ఆ 133 పనిచేయించాలి. పేరు లేని చలానాకి క్లాసు పెడితే ఓనర్ల బదులు పనివాళ్లు వెళ్లి కూర్చుంటారు.

గొల్లపూడి_యాక్టింగ్_డ్రైవర్:
మేడమ్, మీరన్నది కరెక్టే గానీ ఓనరు నా పేరు రాసిస్తే మూడు నెలలు నేను బండెక్కలేను. నాకు ఆ మూడు నెలలకన్నా లెస్టరన్న చెప్పిన ఒక పూటే నయం. మొదటిసారి దొరికినవాడికి క్లాసు, రెండోసారికి లైసెన్సు పట్టుకోండి, ఒప్పుకుంటా. ఆ క్లాసు ఆదివారం పెట్టొద్దు, పెళ్లిళ్ల సీజన్లో అసలే పెట్టొద్దు. తొక్కమన్న ఓనర్ని కూడా పక్కన కూర్చోబెట్టండి.

తెనాలి_టు_లెస్టర్:
ఇక్కడ ఓనర్లని కూర్చోబెట్టరు. ఆ ఐడియా మాత్రం వీళ్లకి రాలేదు.

పటమట_పాండు:
లాయరమ్మగారూ, ఆ రిఫ్రెషర్ ట్రైనింగ్ గుంటూరులో గానీ బెజవాడలో గానీ చేసొచ్చినవాళ్లు మీ క్లయింట్లలో ఎవరైనా ఉన్నారా? వాళ్లకి అక్కడ ఏం చెప్పారో రాయించండి.