పర్ఫ్ స్టాట్‌లో పీ-కోర్, ఈ-కోర్ అంకెలు కలిపితే ఇన్‌స్ట్రక్షన్లు దాదాపు రెట్టింపు వస్తున్నాయి

శ్రీను_బిల్డ్స్:
మెషీన్ ఐ7-12700: 8 పీ-కోర్లు (వేగమైనవి), 4 ఈ-కోర్లు (తక్కువ కరెంటుతో నడిచేవి), మొత్తం 20 థ్రెడ్లు. లైనక్స్. ఒకే థ్రెడ్‌తో నడిచే సీ++ ప్రోగ్రామ్ మీద పర్ఫ్ స్టాట్‌కి (ప్రాసెసర్ కౌంటర్లను చదివే లైనక్స్ టూల్) ఇన్‌స్ట్రక్షన్స్ ఈవెంట్ ఒక్కటే ఇచ్చాను. రెండు వరుసలు వచ్చాయి:

సీపీయూ_కోర్/ఇన్‌స్ట్రక్షన్స్/ : 4,680 కోట్లు (64.20%)
సీపీయూ_ఆటమ్/ఇన్‌స్ట్రక్షన్స్/ : 2,860 కోట్లు (35.80%)

మా రిపోర్ట్ స్క్రిప్ట్ రెండూ కలిపి 7,540 కోట్లు అని రాస్తోంది. అదే బైనరీ, అదే ఇన్‌పుట్ పాత మెషీన్‌లో ఎప్పుడు నడిపినా 4,030 కోట్ల దగ్గరే ఉంటుంది. టాస్క్‌సెట్‌తో (ప్రోగ్రామ్ ఏ కోర్ల మీద నడవాలో చెప్పే కమాండ్) పీ-కోర్లకే కట్టేస్తే ఇక్కడా అదే అంకె వస్తుంది. కానీ మాకు కట్టకుండా, షెడ్యూలర్ ఎటు పంపితే అటు నడిచినప్పటి లెక్క కావాలి. ఏ వరుసను నమ్మాలి?

గోదారి64:
రెండు వరుసల్లో ఏదీ లెక్కపెట్టిన అంకె కాదండి, రెండూ అంచనాలే. అందుకే కలపకూడదు.

సీపీయూ_కోర్ (పీ-కోర్లది), సీపీయూ_ఆటమ్ (ఈ-కోర్లది) అనేవి కెర్నల్ దృష్టిలో రెండు వేర్వేరు పీఎమ్‌యూలు, అంటే కోర్‌లో జరిగే ఈవెంట్లను లెక్కపెట్టే యూనిట్లు. మీరు ఒక్క ఈవెంట్ అడిగినా పర్ఫ్ దాన్ని రెండింటి మీదా తెరుస్తుంది. మీ థ్రెడ్ పీ-కోర్ మీద ఉన్నంతసేపు మొదటిది నడుస్తుంది, రెండోది ఆగి ఉంటుంది. ఈ-కోర్ మీదికి వెళ్తే తారుమారు. పక్కన కనిపించే శాతం, ఆ కౌంటర్ నిజంగా నడిచిన సమయాన్ని అది ఎనేబుల్ అయి ఉన్న సమయంతో భాగిస్తే వచ్చేది. పర్ఫ్ అక్కడితో ఆగకుండా, లెక్కపెట్టిన అంకెను ఆ శాతంతో భాగించి పెంచి చూపిస్తుంది. కౌంటర్లు చాలక ఈవెంట్లు వంతులవారీగా నడిచే పరిస్థితి కోసం పెట్టిన పద్ధతి అది. హైబ్రిడ్ చిప్ మీద మాత్రం దాని అర్థం "ప్రోగ్రామ్ మొత్తం ఈ రకం కోర్ మీదే నడిచి ఉంటే ఇంత అయ్యేదేమో" అని మారిపోతుంది.

వెనక్కి లెక్క వేయండి. 4,680 × 0.6420 = 3,004.56. 2,860 × 0.3580 = 1,023.88. మొత్తం 4,028 కోట్లు. మీ పాత మెషీన్ అంకె ఇదే.

స్క్రిప్ట్‌లో మాత్రం ఇలా గుణించకండి, శాతాన్ని రెండు దశాంశాలకే కుదిస్తారు కాబట్టి చిన్న శాతాల దగ్గర తప్పు పెద్దదవుతుంది. పర్ఫ్ స్టాట్‌కి --నో-స్కేల్ ఇవ్వండి, పెంచని అంకెలే వస్తాయి. మైనస్ ఎక్స్‌తో కామా పెట్టి తీసుకుంటే ఈవెంట్ పేరు తర్వాత నడిచిన సమయం, ఆ తర్వాత శాతం విడి గడుల్లో వస్తాయి. రెండూ రిపోర్ట్‌లో దాచుకోండి.

చిన్న శాతం ఎంత దారి తప్పిస్తుందో కెర్నల్ సోర్స్‌లోని ఇంటెల్ హైబ్రిడ్ డాక్యుమెంట్‌లోనే ఉంది. ప్రోగ్రామ్‌ని టాస్క్‌సెట్‌తో 16వ సీపీయూకి, అంటే ఆటమ్ వైపుకి కట్టి నడిపారు. అయినా సీపీయూ_కోర్ సైకిల్స్ 23 కోట్ల పైన చూపించి పక్కన 0.43% అని ఉంటుంది. నిజంగా లెక్కలోకి వచ్చినవి సుమారు 10 లక్షలే: టాస్క్‌సెట్ మొదలై, ప్రాసెస్‌ని 16కి మార్చేలోపు పీ-కోర్ మీద గడిచిన ఆ కాస్త సమయం.

ఇంకొక మాట. పెంచని అంకెలైతే ఇన్‌స్ట్రక్షన్లు, బ్రాంచ్‌లు కలపొచ్చు, ఏ కోర్ మీద నడిచినా ప్రోగ్రామ్ పని ఒకటే కాబట్టి. సైకిల్స్ కలపొద్దు. రెండు రకాల కోర్ల ఫ్రీక్వెన్సీ వేరు, ఒక సైకిల్‌లో అయ్యే పని వేరు. ఐపీసీ (ఒక సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు) ఎప్పుడూ రకానికొకటి విడిగా రాయండి. క్యాష్ మిస్‌లదీ అదే దారి: ఈ చిప్‌లో పీ-కోర్‌కి సొంతంగా 1.25 ఎంబీ ఎల్2 క్యాష్ ఉంటే, నాలుగు ఈ-కోర్లు కలిసి 2 ఎంబీ పంచుకుంటాయి.

శ్రీను_బిల్డ్స్:
గోదారి64 గారూ, --నో-స్కేల్‌తో 4,029 కోట్లు వచ్చింది, థాంక్సండి. కానీ క్యాష్, బ్రాంచ్, టీఎల్‌బీ (మెమరీ అడ్రస్ అనువాదాల క్యాష్) ఈవెంట్లు ఓ డజను కలిపితే శాతాలు కలిపినా 100 రావట్లేదు, 80 దగ్గర ఆగుతున్నాయి.

గోదారి64:
అది అసలైన వంతుల సమస్య. పీ-కోర్‌లో మామూలు కౌంటర్లు 8, ఫిక్స్‌డ్ (ఒక్కోటి ఒక నిర్ణీత ఈవెంట్‌కే) 4. ఈ-కోర్‌లో 6, 3. పీ-కోర్‌లో సరిపోయిన జాబితా ఈ-కోర్‌లో పట్టకపోవచ్చు. గుర్తుపట్టడానికి రెండు పరీక్షలు చాలు: ఒకే పీఎమ్‌యూ కింది ఈవెంట్లన్నిటికీ ఒకే శాతం ఉండాలి, రెండు పీఎమ్‌యూల శాతాలు కలిపితే 100 రావాలి. రాకపోతే --నో-స్కేల్ అంకె కూడా తక్కువే చూపిస్తుంది. ఆ రన్ పక్కన పడేసి, ఈవెంట్లను ఐదారు చొప్పున విడగొట్టి మళ్లీ నడపండి. కెర్నల్.ఎన్ఎమ్ఐ_వాచ్‌డాగ్‌ని (సీపీయూ ఇరుక్కుపోయిందేమో చూసే కెర్నల్ సెట్టింగ్) 0 చేస్తే ఇంకొక కౌంటర్ ఖాళీ అవుతుంది. కొలత అయ్యాక మళ్లీ 1 చేయడం మరవకండి.

లక్ష్మి_పర్ఫ్:
ఒక విషయం జోడిస్తాను, ఎందుకంటే ఇది చప్పుడు లేకుండా తప్పు చేస్తుంది. పర్ఫ్ టూల్ కాకుండా సొంత కోడ్‌లో పర్ఫ్_ఈవెంట్_ఓపెన్ (కౌంటర్ తెరిచే సిస్టమ్ కాల్) పిలిచేవాళ్లు పాత పద్ధతిలో టైప్ దగ్గర హార్డ్‌వేర్, కాన్ఫిగ్ దగ్గర ఇన్‌స్ట్రక్షన్స్ అని మాత్రమే రాస్తే, ఇంటెల్ హైబ్రిడ్ మీద ఎర్రర్ రాదు. కెర్నల్ దాన్ని సీపీయూ_కోర్‌కే ఇచ్చేస్తుంది. థ్రెడ్ ఈ-కోర్ మీద ఉన్న సమయమంతా లెక్కలోంచి మాయం.

5.13 కెర్నల్ నుంచి కాన్ఫిగ్‌లోని పై 32 బిట్లలో పీఎమ్‌యూ టైప్ నంబర్ పెట్టొచ్చు. సీపీయూ_కోర్‌ది 4. సీపీయూ_ఆటమ్‌ది కోడ్‌లో రాసిపెట్టుకోకండి, సిస్ (కెర్నల్ సమాచారం ఫైళ్లుగా కనిపించే డైరెక్టరీ) కింద దాని ఫోల్డర్‌లోని టైప్ ఫైల్ చదవండి. రెండు ఈవెంట్లు, రెండు ఫైల్ డిస్క్రిప్టర్లు. రెండు పీఎమ్‌యూల ఈవెంట్లను ఒకే గ్రూపులో పెట్టడం కుదరదు, రకానికొక గ్రూపు లీడర్ ఉండాలి. రీడ్ ఫార్మాట్‌లో ఎనేబుల్డ్, రన్నింగ్ సమయాలు రెండూ అడగండి, లేకపోతే గోదారి64 గారు చెప్పిన పరీక్షలు చేయలేరు.

పీఎమ్‌యూ పేర్లు కూడా గట్టిగా రాయొద్దు. ఈవెంట్ సోర్స్ డివైసెస్ కింద ఏ ఫోల్డర్‌లో "సీపీయూస్" అనే ఫైల్ ఉందో అది కోర్ పీఎమ్‌యూ. మీ మెషీన్‌లో ఒకదాంట్లో 0-15, ఇంకోదాంట్లో 16-19 కనిపిస్తుంది. మెమరీ కంట్రోలర్ వంటి వాటికి ఉండేది "సీపీయూమాస్క్" ఫైల్, వాటిని వదిలేయండి. ఇలా రాసిన కోడ్ నాలుగు ఏ53, రెండు ఏ72 కోర్లున్న ఆర్‌కే3399 బోర్డు మీద కూడా పీఎమ్‌యూలను తనే వెతుక్కుంటుంది. ఒకే రకం కోర్లున్న ఇంటెల్ మెషీన్‌లో మాత్రం ఉత్త "సీపీయూ" అనే ఫోల్డరే ఉంటుంది, అందులో ఆ ఫైల్ ఉండదు. దానికి విడిగా ఒక దారి పెట్టండి.

రిపోర్ట్‌లో "నాట్ కౌంటెడ్", "నాట్ సపోర్టెడ్", 0 ఈ మూడింటినీ ఒకటిగా చేయకండి. మొదటిదానికి అర్థం థ్రెడ్ ఆ కోర్ల మీదికి వెళ్లలేదనో, కౌంటర్‌కి వంతు రాలేదనో. రెండోది ఆ కోర్‌కి ఆ ఈవెంటే లేదని. ఈ చిప్‌లో ఎల్1 డీ-క్యాష్ లోడ్ మిస్సెస్ అడిగితే ఆటమ్ వరుసలో "నాట్ సపోర్టెడ్" అనే వస్తుంది. దాన్ని 0గా రాస్తే, ఈ-కోర్ మీద ఒక్క మిస్ కూడా లేదని చదివేవాళ్లు నమ్మేస్తారు.