సిక్కుల మూలమంత్రం: "అకాల మూరతి"లో అకాలం, అకాల వర్షంలో అకాలం ఒకటేనా?

ప్రశ్న: సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ సాహిబ్ మొదటి పంక్తిని, అంటే మూలమంత్రాన్ని, తెలుగులోకి దించుతున్నాను. "ఇక్ ఓంకార్ సతి నాము కరతా పురఖు నిరభఉ నిరవైరు అకాల మూరతి అజూనీ సైభం గుర ప్రసాది". అన్నీ తెలిసిన మాటల్లాగే ఉన్నాయి, అర్థం రాయబోతే ఎక్కడో తేడా కొడుతోంది. "కరతా పురఖు"ను సృష్టికర్త అనేయొచ్చా?

జవాబు: ముందు లిపి సంగతి చూడండి. అక్షరానికి అక్షరం రాస్తే "సతి" మనకు భార్య అయి కూర్చుంటుంది. అది "సత్య" నుంచి వచ్చింది, చివరి ఇకారం పలకరు. "నాము", "పురఖు" చివరి ఉకారమూ అంతే, అది పుంలింగ ఏకవచనానికి గుర్తు. "ప్రసాది"లో ఇకారం మన తృతీయా విభక్తి లాంటిది: గురుకృప చేత. (గురుద్వారాలో పెట్టే కడాహ్ ప్రసాద్ వేరే సంగతి.) పలికినట్టు సత్ నామ్, కర్తా పురఖ్, గుర్ ప్రసాద్ అని రాయండి.

ఇంకొకరు: అకాల వర్షం, అకాల మరణం అన్నప్పుడు మనకు వేళ కాని వేళ అని అర్థం. ఇక్కడ కాలానికి లొంగనిది అని. మూరతి విగ్రహం కాదు, స్వరూపం. "అజూనీ" అయోని నుంచి వచ్చింది, ఏ గర్భంలోనూ పుట్టనివాడు. అవతారాలకు ఇక్కడ చోటు లేదు. "సైభం" స్వయంభూ. కానీ తెలుగులో స్వయంభువు అనగానే కొండ మీద వెలిసిన దేవుడే గుర్తొస్తాడు. పోతన గజేంద్రుడి చేత అనిపించిన "ఆత్మభవు" మేలు కదా?

జవాబు: ఆత్మభవుడంటే నిఘంటువులో మన్మథుడు కూడా ఉన్నాడండీ! "తనంత తానై ఉన్నవాడు" అంటే గొడవ లేదు.

ఇక అసలు చిక్కు "కర్తా పురఖ్". పురుషలో షకారం ఖకారమైంది, ఉత్తరాదిన మామూలే. సాంఖ్య దర్శనంలో పురుషుడు (చైతన్యం) అకర్త, ఊరికే సాక్షి, పనంతా ప్రకృతిది. ఈ మంత్రం చెప్పిన గురు నానక్ ఆ పురుషుడికే కర్త అని తగిలించాడు. అలాగని కుండ చేసి పక్కన పెట్టి వెళ్లిపోయే కుమ్మరీ కాదు. గురు గ్రంథ సాహిబ్‌లోనే ఉన్న ఆసా దీ వార్ అనే రచనలో (463వ పుట) నానకే అంటాడు: "దుయీ కుదరతి సాజీఐ కరి ఆసణు డిఠో చాఉ". రెండోదిగా కుద్రత్‌ను చేసి, అందులోనే ఆసనం వేసుకుని ముచ్చటగా చూస్తున్నాడని. కుద్రత్‌ను ప్రకృతి అంటే మళ్లీ సాంఖ్యంలో పడతాం, అక్కడ ప్రకృతి అనాది. ఇక్కడ అది చేసిన వస్తువు. నేనైతే "సృష్టి" అంటాను. ఉత్త "సృష్టికర్త" అంటే దేవుడు బయటే ఉండిపోతాడు. "చేసినవాడు, చేసినదానిలో నిండినవాడు" అని రెండూ రాయక తప్పదు.

ప్రశ్న వేసినవారు: మరి "ఇక్"ను ఒక్కడే అనాలా, ఒక్కటే అనాలా?

జవాబు: గురుముఖి లిపిలో అక్కడున్నది మాట కాదు, 1 అంకె. తెలుగులో మాట పెడితే లింగం తేల్చాల్సిందే. అంకెనే ఉంచేయండి.