మంచు మీద టెంట్‌లో ప్రొపేన్ హీటర్ ఉండి ఉండి ఆరిపోతోంది, ఏం చేయాలి?

చలిగాలం:
అందరికీ నమస్కారం. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడం నాకిది రెండో శీతాకాలం. మడత టెంట్, అందులో చిన్న పోర్టబుల్ ప్రొపేన్ హీటర్, దానికి మరతో బిగించే 450 గ్రాముల సిలిండర్. మొన్న వెళ్లినప్పుడు చలి మైనస్ 18. నేనూ మా తమ్ముడూ తెల్లారకుండానే వెళ్లి, బర్మాతో నాలుగు కన్నాలు వేసి, గాలి దూరకుండా టెంట్ అంచుల చుట్టూ మంచు ఎగదోసి, కిటికీలన్నీ మూసుకుని కూర్చున్నాం.

హీటర్ వెంటనే అంటుకుంది. పావుగంట హాయిగా ఉంది, తర్వాత ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే ఐదు నిమిషాలు, ఆ పైన రెండు నిమిషాలు. సిలిండర్ కొత్తదే, ఊపితే లోపల ద్రవం కదులుతోంది. అంతకుముందు రోజు ఇంటి బయట గంటసేపు పెట్టి చూస్తే చక్కగా మండింది. ఆఖరికి తమ్ముడి వేళ్లు కొంకర్లు పోయి గాలానికి ముడి కూడా వేయలేకపోతుంటే సామాను సర్దుకుని వచ్చేశాం.

తెలిసినాయన ఒకరు "ఆ సెన్సర్ వైర్లు రెండూ కలిపేయ్, ఇక ఆరదు" అంటున్నారు. అలా చేయొచ్చా? వచ్చే వారం మళ్లీ వెళ్లాలని ఉంది. తమ్ముడిని తీసుకెళ్తున్నాను కాబట్టి కాస్త టెన్షన్‌గా ఉంది.

బర్మా:
నాకైతే సిలిండర్ చల్లబడటమే అనిపిస్తోంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా మరుగుతుంది కాబట్టి మైనస్ 18లో గ్యాస్ అసలు రాకపోవడం ఉండదు. కానీ లోపలి ద్రవం ఆవిరయ్యేటప్పుడు ఆ వేడిని సిలిండర్ నుంచే లాక్కుంటుంది. హీటర్ హైలో పెడితే చిన్న సిలిండర్ తట్టుకోలేదు, పొట్ట చుట్టూ తెల్లగా మంచు పడుతుంది, ప్రెషర్ పడిపోతుంది. "లో" సెట్టింగ్‌లో, అంటే తక్కువ మంటలో పెట్టి చూడండి. స్పేర్ సిలిండర్‌ను బకెట్‌లో సరస్సు నీళ్లు పోసి, మర తడవకుండా నిలబెట్టండి. ఆ నీళ్లు సున్నా దగ్గర ఉంటాయి, బయటి గాలికన్నా నయమే కదా. మంట దగ్గర పెట్టి మాత్రం ఎప్పుడూ వేడి చేయొద్దు.

నీలిమంట:
ముందు ఆ వైర్ల మాట మరిచిపోండి. దయచేసి.

మీరు రాసిన దాంట్లో ఒక్క వివరం లేదు: అది *ఎలా* ఆరింది? హీటర్ ఆరే తీరులోనే సగం జవాబు ఉంటుంది. మంట మెల్లగా కుంచించుకుపోయి, హీటర్ ముందు ఎర్రగా కాలే పలక ఎరుపు తగ్గి, చివరికి పోయిందా? అయితే బర్మా గారు చెప్పినట్టు గ్యాస్ అందడం లేదు. లేక పలక నిండుగా ఎర్రగా ఉండగానే "టక్" అని చప్పుడొచ్చి ఒక్కసారిగా ఆగిపోయిందా? అయితే గ్యాస్‌కి లోటు లేదు, సేఫ్టీ వాల్వ్ మూసేసింది.

వాల్వ్ ఎందుకు మూస్తుందో చెబుతాను. పైలట్ మంట, అంటే పక్కన ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంట, ఒక సన్నని రాగి కడ్డీ లాంటి దాని కొసను కాలుస్తూ ఉంటుంది. అదే థర్మోకపుల్. కొస వేడిగా ఉన్నంతసేపు దాన్నుంచి కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టి, వాల్వ్‌లోని చిన్న అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 18 దగ్గరికి దిగితే పైలట్ మంట తన చోటు వదిలి పైకి లేస్తుంది, కొసను తాకదు. కొస చల్లారుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, టక్. మీ హీటర్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ అంటే ఇంతే, వేరే మాయ ఏమీ లేదు. ఈ కాపలా జోలికి వెళ్లొద్దు.

నేను కాపలా లేని హీటర్‌తో కూర్చున్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పాతకాలం బర్నర్ అది. ఇద్దరం టెంట్ బిగించుకుని కూర్చున్నాం. నాకు కణతల దగ్గర నొప్పి మొదలైంది, నిద్ర చాలక అనుకున్నాను. నా స్నేహితుడు గాలం చేతిలో పట్టుకునే కునికిపాట్లు పడుతున్నాడు. చేప లాగితే దారం కన్నంలోకి జరజరా పోతోంది, అతను చూస్తూనే ఉన్నాడు, చెయ్యి కదపలేదు. ఆ చూపు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. జిప్ లాగి ఇద్దరం బయటపడ్డాక అతను మంచు మీద మోకాళ్లు ఆనించి వాంతి చేసుకున్నాడు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. వాసన లేదు, రంగు లేదు. ఆ రోజు హీటర్ ఒక్కసారి కూడా ఆరలేదు, చివరి దాకా ఎర్రగా మండుతూనే ఉంది.

కాబట్టి ఒక పరీక్ష చేయండి. ఈసారి ఆరినప్పుడు హీటర్‌ను టెంట్ బయటికి తెచ్చి, సామాను లాగే స్లెడ్ బండి అడ్డం పెట్టి గాలి తగలకుండా అదే సిలిండర్‌తో వెలిగించండి. వెలిగించాక నాబ్‌ను అరనిమిషం నొక్కి పట్టుకోండి, చలిలో థర్మోకపుల్ వేడెక్కడానికి టైమ్ పడుతుంది. బయట కూడా టక్ మని ఆగితే పైలట్ దగ్గర దుమ్మో సాలెగూడో ఉందని, లేదా థర్మోకపుల్ బలహీనపడిందని అర్థం. బయట ఆరకపోతే తప్పు హీటర్‌ది కాదు. అన్నట్టు, హీటర్‌ను నేరుగా మంచు మీద పెట్టారా? కింద కరిగి ఒరిగితే పడిపోయినప్పుడు ఆపే స్విచ్ కూడా ఇలాగే ఆపేస్తుంది. కింద చెక్క పలక వేయండి.

చలిగాలం:
టక్ మనే శబ్దం వచ్చింది! మీరు అడిగాక గుర్తొచ్చింది, పలక అప్పుడు ఎర్రగానే ఉంది. చెక్క పలక ముందునుంచీ ఉంది, ఒరగలేదు. ఇంకొకటి, టెంట్ పైకప్పు లోపలంతా నీళ్లు పట్టి మెడ మీద చినుకుల్లా కారాయి. దీనికీ దానికీ సంబంధం ఉందా?

నీలిమంట:
ఉంది. ఒక కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, మూడున్నర కిలోలకు పైగా ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఆ ఆవిరి బయటికి పోవడం లేదంటే కొత్త గాలీ లోపలికి రావడం లేదు. పైన ఒక కిటికీ, కింద ఒక వైపు అంచు, రెండూ తెరవాలి. ఒక్కటి తెరిస్తే గాలి ఆడదు. బ్యాటరీతో నడిచే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం కూడా కొనండి. ఆక్సిజన్ సెన్సర్‌కు కార్బన్ మోనాక్సైడ్ తెలియదు. అలారం ఎంత చలి దాకా పనిచేస్తుందో దానితో వచ్చిన కాగితంలో చూసి మరీ కొనండి.

చలిగాలం:
నిన్న వెళ్లొచ్చాం. ముందు కావాలనే పోయినసారిలా అంతా మూసి, నేనొక్కణ్ణే లోపల ఉండి, జిప్ మీద చెయ్యి వేసుకుని చూశాను. తమ్ముడు బయట కాపలా. పన్నెండు నిమిషాలకు టక్. వెంటనే బయటికి తెచ్చి స్లెడ్ వెనక వెలిగిస్తే నలభై నిమిషాలు ఆరలేదు, నేనే ఆపాను.

తర్వాత పైకిటికీ జానెడు తెరిచి, గాలి రాని వైపు అంచు దగ్గర ఎగదోసిన మంచు పారతో తీసేశాం. హీటర్‌ను "లో" సెట్టింగ్‌లో పెట్టాం. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆరలేదు, మధ్యలో సిలిండర్ మార్చడానికి తప్ప. కాళ్ల దగ్గర కాస్త చలిగానే ఉంది, అయినా కప్పు నుంచి నీళ్లు కారడం బాగా తగ్గింది. అలారం నా ఛాతీ ఎత్తులో వేలాడదీశాను, మోగలేదు. తమ్ముడు ఈసారి ముడులన్నీ తనే వేసుకున్నాడు.

పైలట్ మంట కొస మాత్రం కొంచెం పసుపుగా కనిపించింది. ఇంటికొచ్చి గ్యాస్ తీసేసి, హీటర్ పూర్తిగా చల్లారాక గాలి కొట్టి చూస్తే సన్నని తెల్లటి సాలెగూడు పోగు బయటికొచ్చింది. ఇంకా ఉందేమో రేపు పగటి వెలుతురులో మళ్లీ చూస్తాను. వైర్ల సంగతి చెప్పినాయనకు ఈ మాటలన్నీ చదివి వినిపించాను. ఆయన తన హీటర్‌లో కలిపేసిన వైర్లను విడదీసి సరిచేయిస్తానన్నారు.