శాలిహుండం, శ్రీకూర్మం ఒకే రోజులో: పిల్లలతో ఏ వరసలో వెళ్తే మంచిది?

శ్రీకాకుళం నుంచి కారులో బయల్దేరుతున్నామండీ. ఐదేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న నానమ్మ కూడా వస్తున్నారు. ఆదివారం అరసవల్లిలో రద్దీ ఎక్కువ కాబట్టి శనివారం పెట్టుకున్నాం.

అనుకున్న వరస ఇది: పొద్దున్నే అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం, మధ్యాహ్నం భోజనం, ఆపైన శాలిహుండం, చివర్లో కళింగపట్నం బీచ్. గుళ్లు పొద్దున్నే ముగించాలనడానికి కారణం ఉంది. పదకొండు దాటితే ప్రాకారంలో రాళ్లు కాలిపోతాయి, చిన్న పిల్లలు చెప్పుల్లేకుండా నాలుగడుగులు కూడా వెయ్యలేరు. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలోని తాబేళ్లు పిల్లలకి చూపించాలి. తాబేళ్ల దగ్గరకి వెళ్తే ఇక కదలరు, అందుకే అక్కడికి గంటన్నర కేటాయించాం.

చిక్కంతా శాలిహుండంతోనే. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన ఆ కొండమీద బౌద్ధుల కాలంనాటి ఇటుకల స్తూపాలు, చైత్యాల (ప్రార్థనా మందిరాల) పునాదులు పిల్లలు తప్పకుండా చూడాల్సినవి, పక్కనే వంశధార కూడా కనిపిస్తుంది. కానీ పైన నీడ తక్కువ.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: కారు ఎంతవరకు పోతుంది, అక్కణ్ణుంచి మెట్లు ఎన్ని? నానమ్మ కింద కూర్చోడానికి నీడ, మరుగుదొడ్డి ఉన్నాయా? శాలిహుండం మ్యూజియం శనివారం తెరిచే ఉంటుందా, సాయంత్రం ఎన్నింటికి మూస్తారు? నాలుగింటికి చేరితే ఆలస్యమవుతుందా? భోజనం శ్రీకూర్మంలో దొరుకుతుందా, లేక పులిహోర కట్టుకెళ్లడమే మేలా?