కేంద్రంలో ప్రభుత్వం మారితే గవర్నర్ దిగిపోవాల్సిందేనా? హైదరాబాద్ రాజ్‌భవన్ లెక్క చూద్దాం

బ్యారేజీ_70:
ఢిల్లీలో అధికారం చేతులు మారిన ప్రతిసారీ టీవీల్లో వినబడేది ఒకటే: పాత గవర్నర్లు మూటాముల్లె సర్దుకోవాలి, అది ఆనవాయితీ అని. నిజంగా ఆనవాయితీ అయితే మన జాబితాలో కనబడాలిగా.

1977 మార్చిలో జనతా గెలిచింది. మేలో శారదా ముఖర్జీ వచ్చారు. ఇందిర మనిషిని జనతా పంపేసిందని రాస్తుంటారు, తప్పు. ఆర్.డి. భండారే ఎన్నికలకు ముందే ఫిబ్రవరిలో దిగిపోయారు. మధ్యలో చూసుకున్నది హైకోర్టు న్యాయమూర్తి బి.జె. దివాన్. 1978 ఆగస్టులో జనతా వేసిన కె.సి. అబ్రహాం 1980లో ఇందిర తిరిగొచ్చినా కదల్లేదు. 1983 జనవరిలో ఎన్టీఆర్‌తో ప్రమాణం చేయించి, ఆగస్టులో ఐదేళ్లూ నింపుకొని వెళ్లారు.

1989 డిసెంబరులో వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు, 1990 ఫిబ్రవరిలో కుముద్‌బెన్ జోషి స్థానంలో కృష్ణకాంత్ వచ్చారు. ఇది స్పష్టమైన మార్పిడి. మరి ఆ కృష్ణకాంత్ సంగతి? చంద్రశేఖర్, పీవీ, వాజ్‌పేయి తొలి పదమూడు రోజులు, దేవెగౌడ, గుజ్రాల్ అందరినీ చూశాక, 1997లో ఉపరాష్ట్రపతి అయితేగానీ రాజ్‌భవన్ వదల్లేదు. గుజ్రాల్ హయాంలో వచ్చిన సి. రంగరాజన్ వాజ్‌పేయి హయాంలో 2003 జనవరి దాకా ఉన్నారు. యూపీఏ వేసిన నరసింహన్ 2014 మార్పును దాటి 2019 వరకు ఉన్నారు.

మధ్యలో 2004: అప్పటి గవర్నర్ బర్నాలాను తీసేయలేదు, చెన్నైకి మార్చారు. అంటే నేరుగా సాగనంపింది ఒక్క 1990లోనే. ఇక ఆనవాయితీ ఎక్కడుంది?

ఆర్టికల్_156:
జాబితా సరే, దాన్నుంచి తేల్చింది సరి కాదండీ. ఒక్క రాష్ట్రం చూసి దేశానికి సూత్రం కట్టలేం. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం గవర్నర్లందరినీ రాజీనామాలు అడిగింది. 2004 జులై 2న యూపీ, గుజరాత్, హరియాణా, గోవా గవర్నర్లను ఒకే రోజు తొలగించారు. 2014లో యూపీ నుంచి బి.ఎల్. జోషి, ఛత్తీస్‌గఢ్ నుంచి శేఖర్ దత్, నాగాలాండ్ నుంచి అశ్వనీ కుమార్, బెంగాల్ నుంచి ఎం.కె. నారాయణన్, గోవా నుంచి వాంఛూ వరసగా రాజీనామా చేశారు. ఆ తర్వాత కేరళలో షీలా దీక్షిత్. ఇంతకంటే ఆనవాయితీ ఏం కావాలి?

కోఠి_చౌరస్తా:
ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు భాయ్. హైదరాబాద్‌లో నిలబడ్డదెవరు? రంగరాజన్ రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్, నరసింహన్ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) మాజీ డైరెక్టర్. పార్టీ మనుషులు పోతారు, అధికారులు ఉంటారు. లెక్క అంతే.

తుంగభద్ర_నీళ్లు:
అంత సులువైతే బాగుండు. నారాయణన్ కూడా ఐబీ డైరెక్టర్‌గా చేసినవాడే, తర్వాత జాతీయ భద్రతా సలహాదారు. శేఖర్ దత్ ఐఏఎస్, రక్షణశాఖ కార్యదర్శిగా చేశారు. అశ్వనీ కుమార్ సీబీఐ డైరెక్టర్. వాంఛూ ప్రధాని భద్రత చూసే ఎస్పీజీకి అధిపతి. నలుగురూ 2014లో పోయారు.

రెండోవైపు మనవాళ్లనే చూడండి. రోశయ్య గారు నూటికి నూరుపాళ్లు కాంగ్రెస్ మనిషి. 2011 ఆగస్టులో తమిళనాడుకు వెళ్లి, మోదీ వచ్చాక కూడా 2016 ఆగస్టు దాకా పూర్తి గడువు ఉన్నారు. బీజేపీ వి. రామారావు గారు 2002లో సిక్కిం వెళ్లారు, 2004లో యూపీఏ వచ్చినా 2007 దాకా అక్కడే.

నా దృష్టిలో తేల్చేది మనిషి పూర్వాశ్రమం కాదు. ఆ రోజున ఆ రాజ్‌భవన్‌తో ఢిల్లీకి పనుందా, అక్కడి ముఖ్యమంత్రికి ఆ గవర్నర్‌తో పేచీ ఉందా అన్నవే. రోశయ్యతో జయలలితకు ఇబ్బంది లేదు, తమిళనాడులో ఢిల్లీకి అర్జెంటు పనీ లేదు. నరసింహన్ విషయంలో ఇంకోటి తోడైంది: మోదీ ప్రమాణం 2014 మే 26న, రాష్ట్ర విభజన జూన్ 2న. పునర్విభజన చట్టం సెక్షన్ 7 ప్రకారం ఉన్న గవర్నరే రెండు రాష్ట్రాలకూ గవర్నర్. సెక్షన్ 8 ప్రకారం ఉమ్మడి రాజధానిలో ప్రాణ, ఆస్తి రక్షణ బాధ్యత అప్పుడు ఆయనదే. వారం ముందు కొత్త మనిషిని తెచ్చి ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెడతారు?

బ్యారేజీ_70:
ఇది ఒప్పుకుంటా. కుముద్‌బెన్ విషయంలో ఒక తమాషా కూడా ఉంది. ఆమెతో ఏళ్ల తరబడి పోరాడిన ఎన్టీఆర్ అప్పుడు నేషనల్ ఫ్రంట్ చైర్మన్, అంటే ఆయన కూటమే ఢిల్లీలో గెలిచింది. కానీ ఆమె వెళ్లేసరికి ఇక్కడ ముఖ్యమంత్రి చెన్నారెడ్డి. ఎన్టీఆర్ 1989లో కల్వకుర్తిలోనే ఓడిపోయారు.

కోఠి_చౌరస్తా:
సరే, ఐదేళ్ల గడువు అని రాజ్యాంగంలోనే రాసి ఉంది కదా. "నేను రాజీనామా చెయ్యను" అని ఒక్కరు భీష్మించుకు కూర్చుంటే ఏమవుతుంది?

ఆర్టికల్_156:
అలా కూర్చున్నవాళ్లు ఉన్నారు. ముందు కాగితం మీద ఏముందో చెప్తా. ఆర్టికల్ 155 కింద నియామకం: రాష్ట్రపతి సంతకం, ముద్రతో వారెంటు. 159 కింద హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ప్రమాణం చేయిస్తారు, ఐదేళ్లు లెక్కించేది బాధ్యతలు తీసుకున్న రోజు నుంచి, ప్రకటన వచ్చిన రోజు నుంచి కాదు. కానీ 156(3)లోని ఆ ఐదేళ్లు 156(1)కి లోబడి ఉంటాయి. రాష్ట్రపతి కోరుకున్నంత కాలమే పదవి అన్నది 156(1). రాష్ట్రపతి అంటే ఇక్కడ కేంద్ర మంత్రివర్గమని వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆచరణ. మొదట హోం కార్యదర్శి నుంచి ఫోన్, 2014లో జరిగింది ఇదే. ఫోన్‌కు కాగితం ఉండదు, కాబట్టి కోర్టులో సవాలు చేయడానికి ఉత్తర్వే ఉండదు. గవర్నర్ 156(2) కింద రాష్ట్రపతికి తన సంతకంతో రాజీనామా పంపారా, అది 'స్వచ్ఛందం' అయిపోయింది. పంపకపోతే రెండో మెట్టు, బదిలీ. గుజరాత్‌లో ఉన్న కమలా బేనీవాల్‌ను 2014 జులైలో మిజోరంకు పంపారు, ఆగస్టు 6న తొలగించారు. అప్పటికి ఆమె గడువు ఓ రెండు నెలలే మిగిలింది! మహారాష్ట్ర నుంచి శంకరనారాయణన్‌నూ మిజోరంకే వేస్తే వెళ్లకుండా రాజీనామా చేశారు. ఆ ఖాళీలోకే మన విద్యాసాగరరావు గారు వెళ్లారు.

మూడో మెట్టు కోర్టు. ఉత్తరాఖండ్ గవర్నర్ అజీజ్ ఖురేషీ ఫోన్ విషయాన్నే పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లారు, నోటీసులు కూడా వెళ్లాయి. తర్వాత ఆయన్నూ మిజోరంకు మార్చి, 2015 మార్చిలో తొలగించారు.

ఈ బదిలీ మంత్రం 2014లో పుట్టింది కాదు. 1991 జనవరిలో కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చేయమని నివేదిక ఇవ్వడానికి అప్పటి తమిళనాడు గవర్నర్ బర్నాలా ఒప్పుకోలేదు. నివేదిక లేకుండానే రద్దు చేసి, ఆయన్ను బీహార్‌కు వేశారు. వెళ్లకుండా రాజీనామా చేశారు.

కోఠి_చౌరస్తా:
2010లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, దానికి విలువ లేదా?

ఆర్టికల్_156:
బి.పి. సింఘాల్ కేసు. 2004 నాటి తొలగింపుల మీద వేసిన వ్యాజ్యం, ఐదుగురు జడ్జీల ధర్మాసనం, 2010 మే 7. చెప్పింది గట్టిగానే: గవర్నర్ కేంద్రానికి ఉద్యోగి కాదు, ఏజెంటూ కాదు. కేంద్రం విధానాలతో పొసగలేదనో, నమ్మకం పోయిందనో తీసేయడానికి వీల్లేదు. కారణం బయటికి చెప్పక్కర్లేదు గానీ కారణమంటూ ఉండాలి. కక్షతోనో ఇష్టారాజ్యంగానో చేశారని గవర్నర్ ప్రాథమికంగా చూపిస్తే కోర్టు ఫైలు అడగొచ్చు. కానీ తేదీలు చూడండి: 2004లో తీస్తే 2010లో తీర్పు. ఆ నలుగురి గడువూ ఎప్పుడో దాటిపోయింది.

పాత_సచివాలయం:
అందరూ గవర్నర్ పక్షమే మాట్లాడుతున్నారు, ఎదుటి పక్షం కూడా వినండి. రాష్ట్రపతి పాలనకు ఆర్టికల్ 356 కింద నివేదిక రాసేది గవర్నరే, బిల్లును రాష్ట్రపతికి పంపేదీ ఆయనే. నిన్నటిదాకా ప్రత్యర్థి పార్టీకి రాష్ట్ర అధ్యక్షుడిగా ఉన్నవాడి నివేదికను నమ్మమని కొత్త ప్రభుత్వాన్ని ఎలా అడుగుతారు? ముందు తప్పు అలాంటివాళ్లను వేయడంలో ఉంది. కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988లోనే చెప్పింది: బయటి రాష్ట్రం మనిషి, ఈమధ్య రాజకీయాల్లో మునిగి తేలనివాడు అయి ఉండాలి, ముఖ్యమంత్రిని సంప్రదించి వేయాలి. ఇవేమీ పాటించకుండా వేసి, తీసేటప్పుడు మాత్రం రాజ్యాంగ పవిత్రత అంటే ఎలా?

తుంగభద్ర_నీళ్లు:
సొంత మనిషి అయితే నివేదిక నమ్మదగ్గదవుతుందా? అప్పటి మన గవర్నర్ రామ్‌లాల్ ఢిల్లీ సొంత మనిషే. 1984 ఆగస్టు 16న ఏం చేశారో అందరికీ తెలుసు, ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను తీసేశారు. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి తలలు లెక్కపెట్టి చూపించాల్సి వచ్చింది. సర్కారియా తర్వాత అదే పని మీద వేసిన పుంఛీ కమిషన్ 2010లో చెప్పిందే మందు: 156లోంచి 'రాష్ట్రపతి కోరుకున్నంత కాలం' తీసేసి ఐదేళ్లు ఖాయం చేయండి, తొలగించాలంటే శాసనసభ అభిశంసన.

పాత_సచివాలయం:
మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తీసింది 16న, 29 నాటికి రాజ్‌భవన్‌లో శంకర్‌దయాళ్ శర్మ ఉన్నారు. పదమూడు రోజుల్లో మనిషి మారాడంటే పగ్గం ఢిల్లీ చేతిలో ఉండబట్టే. పుంఛీ పద్ధతి ఉంటే రామ్‌లాల్ 1988 దాకా ఖాయం. అభిశంసన అంటారా? ఎన్టీఆర్ స్థానంలో ముఖ్యమంత్రిని చేసిన నాదెండ్ల భాస్కరరావుకు బలం చూపించడానికి 30 రోజులు ఇచ్చి, అసలు సభ ఎప్పుడు కూర్చుంటుందన్నదే గొడవగా ఉన్న చోట అభిశంసన తీర్మానం ఎవరు పెడతారు, స్పీకర్ ఎవరు?

ఆర్టికల్_156:
అందుకే నా ఓటు పుంఛీకి కాదు, సర్కారియాకు. తొలగించే అధికారం ఉంచండి. కారణాలు గవర్నర్‌కు చెప్పి వివరణ తీసుకోవాలి, ఆ తర్వాత పార్లమెంటు రెండు సభల ముందూ ప్రకటన పెట్టాలి. రామ్‌లాల్‌ను పంపడానికి ఇది అడ్డు కాదు. నాలుగు రాష్ట్రాలను ఒకే రోజు ఊడ్చేయాలంటే మాత్రం నాలుగు వేర్వేరు కారణాలు సభలో చదవాల్సి వస్తుంది. నేనైతే ఒకటి కలుపుతా: గవర్నర్ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే బదిలీ చెల్లదని. ఆ తలుపు మూయకుండా పార్లమెంటులో ఎన్ని ప్రకటనలు పెట్టించినా లాభం లేదు, తొలగింపు దాకా ఎవరూ వెళ్లరు, మిజోరంకు ఒక ఉత్తర్వు చాలు.