గోల్ఫ్ మేజర్లలో టై అయితే ఏ పద్ధతి న్యాయం?

గోల్ఫ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. నాలుగు రోజులు 72 హోల్స్ ఆడాక స్కోరు సమమైతే, నాలుగు మేజర్లకూ (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద టోర్నీలు) ఒకే పద్ధతి ఎందుకు లేదు? మాస్టర్స్‌లో సడన్ డెత్, అంటే ముందుగా ఏ హోల్‌లో ఆధిక్యం వస్తే అక్కడే ఫలితం. 2025లో రోరీ మెకిల్‌రాయ్ ఒక్క హోల్‌తోనే జస్టిన్ రోజ్‌ని ఓడించేశాడు. యూఎస్ ఓపెన్‌లో 2 హోల్స్ స్కోరు కలుపుతారు. పీజీఏ, బ్రిటిష్ ఓపెన్‌లలో 3.

2008 యూఎస్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్, రోకో మీడియేట్ సోమవారం మళ్లీ 18 హోల్స్ ఆడారు. అప్పటికీ తేలక, ఇంకో హోల్ ఆడితే టైగర్ గెలిచాడు! నాకైతే అదే అసలు పోటీ (టీవీ వాళ్ల తిప్పలు వేరే). ఇంతకీ ఒక్క హోల్‌కీ, 3 హోల్స్‌కీ అదృష్టం పాత్రలో నిజంగా అంత తేడా ఉంటుందా? స్వయంగా ఆడేవాళ్లు ఏమంటారు?