మన పీహెచ్‌డీతో జర్మనీలో పేరు ముందు "డా." పెట్టుకోవచ్చా?

కొత్తగా వచ్చిన పోస్ట్‌డాక్, లైప్‌జిగ్:

అందరికీ నమస్కారం. ఇండియాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేసి ఈమధ్యే ఇక్కడికి పోస్ట్‌డాక్‌కి వచ్చాను. వచ్చేవారం అన్మెల్డుంగ్ (ఇంటి చిరునామా నమోదు) అపాయింట్‌మెంట్ ఉంది. ఫారంలో పేరు, ఇంటిపేరు అడిగే చోటే "డోక్టోర్‌గ్రాడ్" (డాక్టరేట్ పట్టా) అని ఒక గడి ఉంది. అందులో "డా." అని నింపాలా? ఈమెయిల్ సిగ్నేచర్‌లో, పోస్ట్‌బాక్స్ మీద కూడా పెట్టుకుందామని ఉంది. నాతో ఫ్లాట్‌లో ఉంటున్న అతనేమో "సూది గుచ్చడం రానివాడివి, నువ్వేం డాక్టర్‌వి" అని ఆటపట్టిస్తున్నాడు. ఇక్కడి పద్ధతి తెలిసినవాళ్ళు కాస్త చెప్పగలరు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

పెట్టేసుకో తమ్ముడూ. ఏళ్ళకేళ్ళు కష్టపడి తెచ్చుకున్నావు, మొహమాటం దేనికి? ఇక్కడెవరూ అడగరు. మా ఐటీ ఆఫీసులో అయితే బాసుని కూడా పేరు పెట్టే పిలుస్తాం.

గోటింగెన్ నుంచి:

తమ్ముడూ, పై సలహా మాత్రం వినకు. ఐటీ ఆఫీసు సంగతి వేరు, నువ్వు సంతకం పెట్టబోయే ప్రభుత్వ ఫారం సంగతి వేరు. ఈ దేశంలో "డా." అనేది మర్యాదకి పెట్టుకునే మాట కాదు, చట్టం కాపలా కాసే పట్టా. శిక్షాస్మృతిలో 132ఎ అని ఒక సెక్షన్ ఉంది. అర్హత లేకుండా విద్యాపట్టా వాడుకుంటే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా. విదేశీ పట్టాలకీ అదే సెక్షన్.

"నాది దొంగ పట్టా కాదు కదా" అంటావు. జెనా ఊళ్ళో మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ డైరెక్టర్ ఒకాయనదీ దొంగ పట్టా కాదు. అమెరికన్, కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. 2008లో ఆయనా, ఇంకొందరు అమెరికన్ శాస్త్రవేత్తలూ పేరు ముందు "డా." పెట్టుకున్నారని పోలీసు విచారణ మొదలైంది. విదేశీ పట్టాల మీద ఆంక్షలు 1939 నాటి చట్టం నుంచీ వస్తున్నవి. పేపర్లలో నవ్వులపాలయ్యాక రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని అమెరికా పీహెచ్‌డీలకు దారి చూపించారు.

ఇప్పటి పరిస్థితి ఇదీ. యూరోపియన్ యూనియన్ దేశాల్లో పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నవాళ్ళు "డా." రాసుకోవచ్చు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్, ఇజ్రాయెల్, రష్యా పట్టాలకి కొన్ని షరతుల మీద సడలింపు ఉంది. ఆ జాబితాలో మన దేశం లేదు. కాబట్టి మనం ఆ పట్టాని ఎలా ఇచ్చారో అలాగే రాయాలి: పేరు తర్వాత "పీహెచ్‌డీ", దాని పక్కన బ్రాకెట్లో యూనివర్సిటీ పేరు. రాష్ట్రానికో చట్టం ఉంది కానీ ఈ విషయంలో అన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి. మీ యూనివర్సిటీకి ఇక్కడ గుర్తింపు ఉందో లేదో అనాబిన్ డేటాబేస్‌లో చూసుకో.

అందుకని ఆ డోక్టోర్‌గ్రాడ్ గడి ఖాళీగా వదిలెయ్. సిగ్నేచర్‌లో, విజిటింగ్ కార్డు మీద పేరు తర్వాత పీహెచ్‌డీ పెట్టుకో, యూనివర్సిటీ పేరు మాత్రం మర్చిపోకు. పోస్ట్‌బాక్స్ మీద పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు ఉందో లేదో ముందు చూసుకో. అది లేకపోతే పట్టా సంగతి అటుంచి ఉత్తరమే రాదు. ఇంకోటి, మన పీహెచ్‌డీని జర్మన్ డాక్టర్‌గా "మార్చి ఇచ్చే" పద్ధతి మనబోటివాళ్ళకి లేదు. డబ్బు తీసుకుని మార్పిస్తామని ఎవరైనా అంటే ఫోన్ పెట్టెయ్.

ఇది న్యాయమా అంటే కాదనే అంటాను. మా ఇంట్లోనే చూడు. మా ఆవిడా నేనూ ఇద్దరం ఫిజిక్సే. ఆవిడ అమెరికాలో చేసింది, నేను ఇండియాలో చేశాను. ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం వస్తే ఆవిడది "ఫ్రావ్ డాక్టర్" (శ్రీమతి డాక్టర్), నాది వట్టి "హెర్" (శ్రీ). పరిశోధన పేపర్లు లెక్కేస్తే నావే ఎక్కువ (ఆవిడ ఈ గ్రూపులో లేదనే ధైర్యంతో రాస్తున్నా). కానీ దేశాన్ని బట్టి పట్టాకి వెల కట్టే ఈ పద్ధతి మీద గొడవపడాలంటే ఆ రాష్ట్రాల విద్యామంత్రుల మండలికి రాయాలి. అన్మెల్డుంగ్ కౌంటర్లో కూర్చున్నావిడతో వాదిస్తే మిగిలేది రెండో అపాయింట్‌మెంటే.

వీళ్ళకి ఎందుకింత పట్టింపు అంటావేమో. ఇక్కడ పౌరుల పాస్‌పోర్టులో, గుర్తింపు కార్డులో కూడా డాక్టరేట్ ఎక్కించుకోవచ్చు. రాజకీయాల్లో దానికి బరువుంది. మాజీ ఛాన్సలర్లలో హెల్ముట్ కోల్ చరిత్రలో డాక్టర్, మెర్కెల్ క్వాంటమ్ కెమిస్ట్రీలో. అందుకే థీసిస్ కాపీ కొట్టారని తేలితే పదవులు ఊడతాయి. రక్షణ మంత్రి గుట్టెన్‌బెర్గ్ 2011లో, విద్యామంత్రి షవాన్ 2013లో అలాగే దిగిపోయారు. షవాన్ విద్యామంత్రి అని గమనించు! ఈ దేశంలో పీహెచ్‌డీ చేసినవాళ్ళు కూడా, థీసిస్ మీద మౌఖిక పరీక్ష అయిపోయినా సరే, దాన్ని ప్రచురించి పట్టా చేతికి వచ్చేదాకా "డా." రాసుకోరు. మనకొక్కళ్ళకే కాదు, వాళ్ళకీ ఇదే కట్టుదిట్టం.

కాసెల్ నుంచి:

ఆ ఫ్లాట్‌మేట్‌కి నా మాటగా చెప్పు బాబూ. నేను ఎంబీబీఎస్ చేసినదాన్ని, ఇక్కడ ఆసుపత్రిలో పనిచేస్తున్నా. నా బ్యాడ్జి మీద పేరు, దాని కింద "ఎర్ట్స్‌టిన్" అని ఉంటుంది. అంటే వైద్యురాలు. "డా." లేదు, పెట్టుకోకూడదు కూడా. ఇక్కడ వైద్యం చేయడానికి కావలసింది అప్రోబాట్సియోన్ అనే లైసెన్సు. "డా. మెడ్." (వైద్యంలో డాక్టరేట్) కావాలంటే విడిగా థీసిస్ రాయాలి. నాతో రౌండ్స్‌కి వచ్చే జర్మన్ కుర్రాడు థీసిస్ పూర్తి చెయ్యలేదు, అతనికీ "డా." లేదు. అయినా పేషెంట్లు ఇద్దర్నీ "హెర్ డాక్టర్, ఫ్రావ్ డాక్టర్" అనే పిలుస్తారు. వాళ్ళ నోటిని ఏ సెక్షనూ ఆపదు. రాతలో మాత్రం ఎవరి హద్దు వాళ్ళది.

అసలు వైద్యం చేసేవాళ్ళే డాక్టర్లన్న మాటకి బలం ఎక్కడిదో నాకు అర్థం కాదు. పాత యూరప్ యూనివర్సిటీల్లో మతశాస్త్రానికీ, న్యాయశాస్త్రానికీ, వైద్యానికీ అన్నిటికీ డాక్టర్ పట్టా ఇచ్చేవారు. బ్రిటన్‌లో ఎంబీబీఎస్ వాళ్ళని డాక్టర్ అనడం మర్యాద మీద నడుస్తున్న ఆనవాయితీ. అక్కడ సర్జన్ అయ్యాక మళ్ళీ "మిస్టర్"కి వెళ్ళిపోతారు. డాక్టర్ అంబేడ్కర్‌ని, డాక్టర్ మన్మోహన్ సింగ్‌ని ఎవరైనా మందు రాసిమ్మని అడిగారా? ఒకరు కొలంబియా, ఒకరు ఆక్స్‌ఫర్డ్. అర్థశాస్త్రంలో వచ్చిన డాక్టరేట్లే అవి.

నేను పట్టుబట్టేది ఒక్కచోటే. ఆసుపత్రి గోడల మధ్య పీహెచ్‌డీ వాళ్ళు "నేను డాక్టర్ ఫలానా" అని పేషెంటుతో పరిచయం చేసుకోకూడదు. మా ల్యాబ్‌లో బయోకెమిస్ట్ ఒకాయన ఉన్నారు, పక్కా జర్మన్ డాక్టరేట్. వార్డులోకి వస్తే "నేను ల్యాబ్ నుంచి, వైద్యుణ్ణి కాదు" అని ముందే చెప్పేస్తారు. రిపోర్టు పట్టుకొచ్చిన మనిషిని చూసి పేషెంటు తన మందుల సంగతి అడగడం మొదలుపెడితే ప్రమాదం కదా. విమానం టికెట్‌లో కూడా టైటిల్ దగ్గర "డా." ఎంచుకోకు. గాల్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సిబ్బంది ప్రయాణికుల జాబితా చూసి నీ సీటు దగ్గరికే వచ్చే వీలుంది.

కొత్తగా వచ్చిన పోస్ట్‌డాక్, లైప్‌జిగ్:

చాలా థాంక్స్ అన్నా, అక్కా. గడి ఖాళీగానే వదిలేస్తా. ఇంకో రెండు డౌట్లు. మా డిపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు నాకు మెయిల్ రాస్తే "హెర్ డా." అనే మొదలుపెడుతున్నారు. దిద్దాలా? మా ప్రొఫెసర్‌కి, ఇక్కడి వేరే డాక్టర్లకి నేనెలా రాయాలి?

గోటింగెన్ నుంచి:

సెక్రటరీ మెయిల్‌కి కంగారు పడకు. నువ్వు రాసుకున్నది కాదుగా. ఒకసారి "నాది ఇండియన్ పీహెచ్‌డీ, రికార్డుల్లో పేరు తర్వాత వేయండి" అని చెప్పి ఊరుకో. కాంట్రాక్టులో, వెబ్‌సైట్‌లో నీ పేరు పక్కన ఏం పడిందో మాత్రం చూసుకో, అక్కడ "డా." ఉంటే తీసేయమను. కాన్ఫరెన్స్‌కి అమెరికా వెళ్ళినప్పుడు బ్యాడ్జి మీద "డా." వేస్తారా, వేయనీ. అక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్ళని అలా అనడం మామూలే.

ఎదుటివాళ్ళకి రాసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. మనకి లేదు కదా అని వాళ్ళది ఎగ్గొడితే గుర్తుపెట్టుకుంటారు. కవరు మీద ఉన్నవన్నీ రాయాలి, "ప్రొఫెసర్ డాక్టర్" అని వరసగా. లోపల సంబోధనలో పెద్దది ఒక్కటే: "జేర్ గేయేర్టర్ హెర్ ప్రొఫెసర్" (గౌరవనీయులైన ప్రొఫెసర్ గారు) అని ఇంటిపేరు. ప్రొఫెసర్ కాకపోతే "ఫ్రావ్ డాక్టర్" అని ఇంటిపేరు. జవాబులో ఆయన కింద పేరొక్కటే పెట్టి సంతకం చేశాడనుకో, ఇక పేరుతో పిలవమని అర్థం, నువ్వూ అలాగే రాయి. మాటల్లో "మనం డూ (నువ్వు) అనుకుందాం" అని పెద్దవాళ్ళే ముందు అనాలి, అప్పటిదాకా "జీ" (మీరు) వాడు. సహజ శాస్త్రాల ల్యాబుల్లో ఇది త్వరగానే వస్తుంది. లా డిపార్ట్‌మెంట్ వాళ్ళతో పనిపడితే మాత్రం నువ్వుగా తొందరపడకు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

అన్నా, 132ఎ సంగతి నాకూ తెలీదు. మా టీమ్‌లో మన వాళ్ళే ఇద్దరు లింక్డ్‌ఇన్‌లో "డా." పెట్టుకున్నారు, వాళ్ళకి ఈ థ్రెడ్ పంపుతున్నా.